విద్యా కార్యక్రమాల ఎవాల్యుయేటర్లకు సామర్థ్య ప్రమాణాలు ఎలా రాసుకోవాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో చిన్న ట్రస్టు. ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులతో పెందుర్తి, ఆనందపురం మండలాల్లోనూ అరకు వైపు కొన్ని బడుల్లోనూ మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలకు చదవడం నేర్పే కార్యక్రమం నడుపుతున్నాం. బయటి ఎవాల్యుయేటర్లను పెట్టుకోవాలి. వాళ్లకు ఏ సామర్థ్యాలు ఉండాలో ముందే రాసి ఇవ్వమని మా బోర్డు అడిగింది. పీహెచ్‌డీ, పదేళ్ల అనుభవం అని రాస్తే సరిపోతుందా? అమెరికా వాళ్ల జాబితాను తెలుగు చేసి పెట్టేసుకోవచ్చా? రిటైరైన హెడ్మాస్టర్లు కొందరు ముందుకొస్తున్నారు, తీసుకోవచ్చా?

జవాబు:

ముందు సూటిగా చెప్పేస్తాను. పీహెచ్‌డీ, పదేళ్లు అని రాస్తే చాలదు. అమెరికా జాబితా చదవండి, కానీ దాన్నే తెచ్చి పెట్టుకోకండి. రిటైరైన హెడ్మాస్టర్లను నిరభ్యంతరంగా తీసుకోవచ్చు, కాకపోతే మిగతా అందరికీ పెట్టే పరీక్షే వాళ్లకూ పెట్టాలి. ఎందుకో, ఎలాగో కింద వివరంగా రాస్తున్నాను. ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. రిపోర్టులు రాసిచ్చాను, వేరేవాళ్లు రాసినవి సరిచూసి సంతకం పెట్టే పనీ చేశాను. అంచేత రెండు వైపుల నుంచీ చెప్పగలను.

మనం మాట్లాడేది పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లేవాళ్ల గురించి కాదు, బడి తనిఖీకి వచ్చే అధికారుల గురించీ కాదు. ఒక కార్యక్రమం పని చేసిందా, చేస్తే ఎవరికి చేసింది, ఎవరికి చేయలేదు, ఎందుకు అన్నది ఆధారాలతో చెప్పేవాళ్ల గురించి. మన దేశంలో ఈ పనికి లైసెన్సు లేదు. చార్టర్డ్ అకౌంటెంటు కావాలంటే ఇన్‌స్టిట్యూట్ పరీక్ష పాసవ్వాలి, డాక్టరైతే మెడికల్ కౌన్సిల్లో నమోదు కావాలి. ఎవాల్యుయేటర్‌నని మాత్రం ఎవరైనా విజిటింగ్ కార్డు కొట్టించుకోవచ్చు.

మీది సీఎస్ఆర్ డబ్బు అన్నారు కాబట్టి ఒక సంగతి. 2021 జనవరిలో సవరించిన సీఎస్ఆర్ నిబంధనల ప్రకారం, గత మూడేళ్ల సగటున 10 కోట్ల రూపాయలు లేదా అంతకు మించి సీఎస్ఆర్ ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు, కోటి రూపాయలు లేదా ఆపైన ఖర్చయిన ప్రాజెక్టులకు, అవి పూర్తయి కనీసం ఏడాది గడిచాక, స్వతంత్ర సంస్థతో ప్రభావ మదింపు చేయించాలి. మీ ఫండర్ దీని కిందికి వస్తారో లేదో వాళ్ల సీఎస్ఆర్ విభాగాన్ని అడిగి తెలుసుకోండి. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ సంస్థ స్వతంత్రంగా ఉండాలని నిబంధన చెప్పింది గానీ దానికి ఏం చేతనై ఉండాలో చెప్పలేదు. ఆ ఖాళీని ఎవరికి తోచినట్టు వాళ్లు టెండర్ షరతులతో నింపుతున్నారు. మూడేళ్ల టర్నోవర్ ఇంత ఉండాలి, ఇలాంటి పనులు ఇన్ని చేసి ఉండాలి, టీమ్ లీడర్‌కు పీజీ ఉండాలి, ఇలా. టర్నోవర్ చూస్తే ఆ సంస్థ ఆర్నెల్లలో మూతపడదని ధైర్యం వస్తుంది. వాళ్లు పంపే మనిషి అరకులో మూడో తరగతి పిల్లతో నోరు విప్పించగలడా అన్నది మాత్రం బ్యాలెన్స్ షీట్‌లో కనబడదు.

అమెరికా జాబితా సంగతి. నిజానికి అది ఒక జాబితా కాదు, మూడు నాలుగున్నాయి, వాటిని కలిపేస్తే గందరగోళం. విద్యా మూల్యాంకనానికి ప్రమాణాలు రాయడానికి అమెరికాలో 1975లో ఏర్పడిన జాయింట్ కమిటీ 1981లో మొదటిసారి ప్రమాణాలు ప్రచురించింది. అవి మూల్యాంకనం ఎలా ఉండాలో చెబుతాయి: ఉపయోగపడాలి, ఆచరణలో సాధ్యం కావాలి, న్యాయంగా ఉండాలి, ఖచ్చితంగా ఉండాలి. 2011 నాటి మూడో కూర్పులో మూల్యాంకనానికి కూడా జవాబుదారీ ఉండాలని అయిదోది చేర్చారు. మనిషికి ఏం రావాలన్నది వేరే ప్రశ్న. దానికి అమెరికన్ ఎవాల్యుయేషన్ అసోసియేషన్ 2018లో అయిదు విభాగాల్లో 49 సామర్థ్యాలు ఆమోదించింది. అంతకు ముందే, 2006లో, శిక్షణ రంగానికి చెందిన ఐబీఎస్‌టీపీఐ అనే అంతర్జాతీయ బోర్డు 14 సామర్థ్యాలు, వాటి కింద 84 పనితీరు వాక్యాలు రాసింది. కెనడా వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి గుర్తింపు కూడా ఇస్తున్నారు. పై చదువు, గత పదేళ్లలో రెండేళ్ల పని ఉండాలి. దానితో పాటు అయిదు విభాగాల్లో ఒక్కోదాంట్లో కనీసం 70 శాతం సామర్థ్యాలకు తమ పని నుంచి రుజువులు రాసివ్వాలి. వాటిని అనుభవజ్ఞులైన ఎవాల్యుయేటర్లు చదివి తేలుస్తారు. అదీ లైసెన్సు కాదు, గుర్తింపు మాత్రమే.

వీటిలో నాకు బాగా నచ్చింది ఐబీఎస్‌టీపీఐ పద్ధతి. జాబితా కోసం కాదు, దాని నిర్మాణం కోసం. సామర్థ్యం పేరు రాసి వదిలేయకుండా దాని కింద ఆ మనిషి ఏం చేస్తే అది ఉన్నట్టో రాశారు. మీరు తీసుకోవాల్సింది ఆ అలవాటు. 84 వాక్యాలూ తెలుగు చేసి బోర్డుకు ఇచ్చారనుకోండి, బోర్డు ఆమోదిస్తుంది, ఫైల్లో పెడుతుంది, సెలక్షన్ రోజున ఎవరూ తెరవరు. మీ స్థాయి సంస్థకు ఎనిమిది, మహా అయితే పది వాక్యాలు చాలు. అవి ఎలాంటివై ఉండాలంటే, తప్పితే మొత్తం రిపోర్టే చెల్లకుండా పోయేవి.

వాక్యం ఎలా రాయాలో చూద్దాం. 'మంచి కమ్యూనికేషన్ నైపుణ్యాలు ఉండాలి' అని రాస్తే దాన్ని కాదనేవాడు ఉండడు, పరీక్షించగలిగేవాడూ ఉండడు. దాని బదులు 'ప్రధాన ఫలితాలను రెండు పేజీల తెలుగులో, బడి హెచ్ఎం ఒకసారి చదివితే అర్థమయ్యేలా రాయగలరు' అని రాయండి. ఇప్పుడు పరీక్ష సులువు. రాయించండి, ఒక హెచ్ఎం గారికి ఇవ్వండి, ఏం అర్థమైందో చెప్పమనండి. 'గణాంక శాస్త్రంపై పట్టు' బదులు 'బేస్‌లైన్‌లో (మొదటి పరీక్షలో) ఉండి ఎండ్‌లైన్‌లో (చివరి పరీక్షలో) లేని పిల్లల వల్ల ఫలితం ఎటు మొగ్గుతుందో లెక్క వేసి చూపగలరు' అని రాయండి. 'నిజాయితీ' అని ఒక్క ముక్క రాయడం కంటే 'ఎంపికైన బడిని మార్చమని అధికారి గానీ సంస్థ గానీ అడిగితే ఆ విషయాన్ని రిపోర్టులో నమోదు చేస్తారు' అన్నది వెయ్యి రెట్లు నయం. డ్రైవింగ్ లైసెన్సుకు వెళ్తే బండి గురించి ఉపన్యాసం ఇమ్మనరు కదా, ఎనిమిది వేసి చూపించమంటారు. ప్రతి వాక్యమూ అలా ఎనిమిది వేయించగలిగేదై ఉండాలి.

ఈ వాక్యాలు ఎక్కడి నుంచి వస్తాయి? మీ బోర్డు రూమ్‌లో కూర్చుని ఆలోచిస్తే సుగుణాల చిట్టా వస్తుంది. ఫ్లానగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో చెప్పిన ఒక పద్ధతి ఉంది. ఆ పనిలో ఉన్నవాళ్లను పిలిచి, పని బాగా చెడిపోయిన ఒక సందర్భమూ బాగా కుదిరిన ఒక సందర్భమూ చెప్పమని, అప్పుడు ఎవరు ఏం చేశారో మాత్రమే అడగడం. ఒక మధ్యాహ్నం ఆరేడు మందిని కూర్చోబెట్టండి: ఇద్దరు టీచర్లు, ఒక సీఆర్‌పీ (కొన్ని బడులకు తోడ్పడే క్లస్టర్ రిసోర్స్ పర్సన్), భీమిలి డైట్ (టీచర్ శిక్షణ సంస్థ) నుంచో ఆంధ్ర యూనివర్సిటీ విద్యా విభాగం నుంచో ఒకరు, సర్వేలకు తిరిగిన ఇద్దరు ఇన్వెస్టిగేటర్లు, వీలైతే రిపోర్టు చదివి డబ్బు ఆపేసిన ఫండర్ ప్రతినిధి ఒకరు. ఇన్వెస్టిగేటర్లను తప్పకుండా పిలవండి. అసలు కథలన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఆ కథలు ఎలా ఉంటాయో కొన్ని నేనే చెబుతాను. బడుల శాంపిల్. లాటరీ తీసిన జాబితా పట్టుకుని వెళ్తే, 'ఆ బడికి రోడ్డు లేదండీ, వర్షానికి గెడ్డ పొంగుతుంది, ఈ పక్క బడి రాసుకోండి, ఇదీ అలాంటిదే' అని ఎవరో ఒకరు అభిమానంగానే చెబుతారు. ఇది అలాంటిది కాదు. రోడ్డు పక్క బడికి ఇద్దరు టీచర్లు ఉంటారు, కొండ మీద గూడెం బడికి ఒక్కరే, ఆ ఒక్కరూ మీటింగుకో సంతకాలకో కిందికి దిగితే ఆ రోజు బడి లేదు. అలాంటివి నాలుగు మార్చేస్తే మీ రిపోర్టు ఘాట్ రోడ్డు పక్క బడుల రిపోర్టు అయిపోతుంది. సామర్థ్యం ఉన్న ఎవాల్యుయేటర్ దగ్గర మార్పిడి నియమం ముందే రాసి ఉంటుంది. ఏ కారణానికి మార్చవచ్చు, మార్చితే తర్వాతి బడి ఏది, ఎవరు అనుమతివ్వాలి అన్నీ అందులో ఉంటాయి. 'సార్, మా చేతుల్లో లేదండీ, జాబితా ముందే అయిపోయింది' అని ఎంఈవో గారికి నవ్వుతూ చెప్పగలగడమూ సామర్థ్యమే. ఇది ఎంఈడీలో నేర్పరు.

క్యాలెండర్ ఇంకొకటి. నగరాల నుంచి వచ్చే ఏజెన్సీలు ఎండ్‌లైన్‌ను మార్చి చివరి వారంలో, మధ్యాహ్నం రెండు గంటలకు పెట్టిన ప్లాన్లు నేను చూశాను. మార్చి మధ్య నుంచి మనకు ఒంటిపూట బడులు, రెండింటికి బడిలో పిల్లలెవరు ఉంటారు? అదే సమయంలో పదో తరగతి పరీక్షలు, డ్యూటీలు. సంక్రాంతికి ముందూ వెనకా హాజరు పలచబడుతుంది. ఏజెన్సీ ప్రాంతంలో, అంటే గిరిజన గూడేల వైపు, సంత రోజున తరగతి సగం ఖాళీ. అభ్యర్థికి ఖాళీ క్యాలెండర్ ఇచ్చి ఇరవై బడుల్లో ఎండ్‌లైన్ ప్లాన్ వేయమనండి. పావుగంటలో తెలిసిపోతుంది, ఈ మనిషి మన బడులు చూశాడో లేదో.

ఇక అసలు చోటికి వద్దాం: పిల్లల పక్కన కూర్చుని చదివించి చూడడం. మీది చదవడం నేర్పే కార్యక్రమం, కాబట్టి మీ రిపోర్టు మొత్తం ఈ అయిదు నిమిషాల మీద నిలబడి ఉంటుంది. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే, 2005 నుంచి జరుగుతున్న అసర్ సర్వే తరహాలో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ ఉన్న కాగితమే మీరూ వాడతారనుకుంటాను. చూడడానికి చాలా తేలిక. అరకు వైపు ఒక బడి వరండాలో జరిగేది ఇలా ఉంటుంది. పిల్ల ఇంట్లో మాట్లాడేది కువి భాషో ఆదివాసీ ఒడియానో. ఎదురుగా కూర్చున్న కొత్త మనిషి విశాఖ తెలుగులో గబగబా 'ఏది, ఇది చదువు చూద్దాం' అంటాడు. పిల్ల కాగితం వంక చూస్తుంది, మనిషి వంక చూడదు. మూడు సెకన్లు. వెనక నిలబడ్డ టీచర్ ఉండబట్టలేక మొదటి అక్షరం పెదాలతో అందిస్తారు. పిల్ల ఆ అక్షరం పలికి ఆగిపోతుంది. ఇన్వెస్టిగేటర్ 'అక్షర స్థాయి' దగ్గర టిక్ పెట్టి తర్వాతి పిల్లను పిలుస్తాడు. ఆ పిల్ల నిజానికి పేరా చదవగలదేమో, అక్షరం కూడా రాదేమో, ఆ టిక్ రెండింటిలో ఏదీ చెప్పదు.

పని తెలిసినవాళ్లు అదే చోట ఏం చేస్తారు? ముందు కూర్చునే చోటు మారుస్తారు, పిల్ల వీపు గోడ వైపు ఉండేలా. దాంతో వెనక ఎవరూ నిలబడలేరు. టీచర్‌కు ఇంకో పని అప్పగిస్తారు, హాజరు పట్టీ చూపించమనో గత ఏడాది రిజిస్టర్ వెతకమనో. పేరు, ఇంట్లో ఎవరున్నారు, మేకలెన్ని అంటూ ఓ నిమిషం మాట్లాడతారు. సూచన మాత్రం పిల్ల భాషలో చెప్పగల స్థానిక యువతి ఒకరు పక్కన ఉంటారు. చదవాల్సింది తెలుగే, కానీ ఏం చేయాలో పిల్లకు అర్థం కావాలి కదా. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలుపెట్టిన బహుభాషా విద్యలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా ఎందుకు చేర్చారో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత పిల్ల ఆగినప్పుడు వాళ్లూ ఆగుతారు. ఎంతసేపు ఆగాలో మాన్యువల్‌లో ముందే రాసుకున్నంతసేపు, గడియారం చూసుకుంటూ. మీ ప్రమాణంలో ఈ దృశ్యానికి కనీసం రెండు వాక్యాలు దక్కాలి. ఒకటి పరీక్ష పరిస్థితులను అదుపులో పెట్టడం, ఇంకొకటి అందించకుండా ఊరుకోవడం.

రిటైరైన హెడ్మాస్టర్ల ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. వాళ్ల బలం చాలా పెద్దది. మనం వస్తున్నామని తయారు చేసి పెట్టిన పాఠాన్ని గుమ్మంలోనే పసిగడతారు. రిజిస్టర్ తిరగేసి ఏ పేజీ నిన్న రాత్రి రాసిందో చెప్పేస్తారు. కానీ ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి నోరు మెదపని పిల్ల ముందు అయిదు సెకన్లు ఊరుకోవడం నరకం. తెలియకుండానే అందించేస్తారు. ఇంకో సమస్య, వాళ్లను చూడగానే టీచర్లు లేచి నిలబడతారు, వీళ్లూ అలవాటుగా సలహాలు మొదలుపెడతారు, ఇంటర్వ్యూ కాస్తా ఇన్‌స్పెక్షన్ అవుతుంది. శిక్షణలో ఇది వదిలించుకున్నవాళ్లు నాకు తెలిసిన అత్యుత్తమ ఫీల్డ్ సూపర్‌వైజర్లు. వదిలించుకోలేని పెద్దలను సలహా కమిటీలో పెట్టుకుని గౌరవించండి, పిల్లల ముందు కూర్చోబెట్టకండి.

ఈ నైపుణ్యాన్ని అంకెల్లో పట్టుకునే మార్గం ఉంది. తల్లిదండ్రుల అనుమతితో కొందరు పిల్లలు చదువుతుండగా రికార్డు చేసి, అభ్యర్థులందరికీ అవే రికార్డింగులు ఇచ్చి స్థాయిలు వేయించండి. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం కింద పద్దెనిమిదేళ్ల లోపువాళ్లందరూ పిల్లలే, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఇది తెలిసి ఉండడం కూడా ఒక ప్రమాణమే. అందరూ వేసినవి పోల్చి చూసేటప్పుడు ఒక మోసం ఉంది. వంద మందిలో ఇద్దరు పరీక్షకులూ చెరో 80 మందిని 'కథ చదవలేరు' అని వేశారనుకోండి. 84 మంది విషయంలో ఇద్దరి మాటా కలిసింది. వినడానికి బాగుంది. కానీ ఇద్దరూ కళ్లు మూసుకుని అదే నిష్పత్తిలో వేసినా 68 మంది దగ్గర కలిసేవారు. అంటే నిజంగా తెలివితో కలవాల్సిన 32లో కలిసింది 16 మాత్రమే, సగం. కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా అనే కొలత ఈ లెక్కే వేస్తుంది. 84 శాతం అంగీకారాన్ని రిపోర్టులో గొప్పగా రాసే ఏజెన్సీని కప్పా ఎంత అని అడగండి, మొహం చూస్తే చాలు.

పెద్ద బాధ్యత తీసుకునే లీడ్ ఎవాల్యుయేటర్‌కు వేరే పరీక్ష. నేను వాడేది ఇది, మీరూ వాడుకోండి. రెండు పేజీల కల్పిత రిపోర్టు తయారు చేసి ఇస్తాను. అందులో ఇలా ఉంటుంది: '18 బడుల్లో జూలైలో 540 మంది పిల్లలకు, మార్చిలో 410 మందికి పరీక్ష పెట్టాం. కథ చదవగలిగినవాళ్లు 22 శాతం నుంచి 47 శాతానికి చేరారు. కార్యక్రమం వల్ల 25 శాతం అభివృద్ధి జరిగింది. పరీక్షలు మా వాలంటీర్లే నిర్వహించారు.' రెండుసార్లూ అదే కథ వాడినట్టు అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దీన్ని చదివి, రాసినవాళ్లకు ఒక పేజీ ఉత్తరం రాయమంటాను. ఒక గంట టైమ్.

చాలామంది వాలంటీర్ల పాయింట్ పట్టుకుంటారు, అది పైకే కనిపిస్తుంది కాబట్టి. జూలై నుంచి మార్చి దాకా కార్యక్రమం లేకపోయినా పిల్లలు కొంత నేర్చుకుంటారు కదా, పోల్చడానికి వేరే బడులేవి అని కొందరు అడుగుతారు. 22 నుంచి 47 అంటే 25 పాయింట్లు పెరిగినట్టు, శాతంలో చెబితే రెట్టింపు దాటిందని ఇంకొందరు సరిదిద్దుతారు. నేను వెతికేది ఆ 130 మందిని అడిగేవాళ్ల కోసం. వాళ్లు ఎక్కడికి పోయారు? పనులకు వలస వెళ్లిన కుటుంబాల పిల్లలా, తరచూ బడికి రానివాళ్లా? అలాంటివాళ్లు చదువులో వెనకబడి ఉండే అవకాశమే ఎక్కువ. వాళ్లలో ఒక్కరూ కథ చదవలేరనుకుని లెక్క వేస్తే 47 కాస్తా 36కు దిగుతుంది. ఈ లెక్క అడక్కుండానే వేసి చూపించిన మనిషిని నేను డిగ్రీ చూడకుండా తీసుకుంటాను. అసర్ వాళ్లు బడికి కాకుండా ఇళ్లకు వెళ్లి పిల్లలను కలవడం వల్ల ఆ రోజు బడికి రాని పిల్లలూ లెక్కలోకి వస్తారు. ఆ సంగతి గుర్తు చేసి 'ఈ 130 మందిలో కొందరి ఇళ్లకు వెళ్లి రావచ్చు' అని రాసినవాళ్లకు ఇంకో మార్కు. ఉత్తరం స్వరం కూడా చూడండి. తప్పులు ఏకరువు పెట్టి తలంటేవాళ్లు వేరు, ఏం అడిగి తెలుసుకోవాలో రాసేవాళ్లు వేరు. మీకు రెండోవాళ్లు కావాలి, వాళ్లే మీ సిబ్బందితో ఆర్నెల్లు మాట్లాడాల్సింది.

ఏం కొలవాలో నిర్ణయించే తెలివి గురించి ఒక మంచి ఉదాహరణ మన రాష్ట్రానిదే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో, లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజుకు వోచర్లు ఇచ్చారు. దాన్ని అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఫలితాలు చూస్తే, వోచర్ పిల్లలకూ మిగతావాళ్లకూ తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. కానీ ప్రైవేటు బడులు ఆ రెండింటికీ తక్కువ సమయం ఇచ్చి, మిగిలిన సమయం హిందీ లాంటి వాటికి వాడుతున్నాయి. హిందీలో వోచర్ పిల్లలు స్పష్టంగా ముందున్నారు. తెలుగు, లెక్కలు మాత్రమే పరీక్షించి ఉంటే 'తేడా ఏమీ లేదు' అని ఆగిపోయేవాళ్లు. టైమ్‌టేబుల్ చూసి, ఏ సబ్జెక్టులు కొలవాలో ముందే ఆలోచించడం ఎవాల్యుయేటర్ పని. మీ విషయంలో దీని అర్థం, మీ కేంద్రాల్లో చదవడానికి ఇచ్చిన గంట దేని నుంచి తీసుకున్నదో అడిగే మనిషి కావాలి. లెక్కల పీరియడ్ నుంచి తీసుకున్నదైతే లెక్కలూ పరీక్షించాలి.

ఇవన్నీ ఒక్క మనిషిలో ఉండాలని రాయకండి. జాబితాలు చదివినవాళ్లంతా చేసేది ఇదే, చివరికి అవతారపురుషుడు తప్ప ఎవరూ పనికిరారు. ప్రమాణాలు టీమ్‌కు రాయండి, ఒక్కో వాక్యం పక్కన టీమ్‌లో ఎవరు దానికి బాధ్యులో పేరు రాయించుకోండి. పిల్లల భద్రత, అనుమతి తీసుకోవడం, పరీక్షలో అందించకపోవడం లాంటివి మాత్రం ఫీల్డ్‌కు వెళ్లే ప్రతి ఒక్కరికీ ఉండాలి, వాటిలో మినహాయింపు లేదు. శాంపిలింగ్, విశ్లేషణ ఒకరికి వస్తే చాలు. స్థాయిలు రెండు పెట్టుకోండి: పర్యవేక్షణలో చేయగలరు, స్వతంత్రంగా చేయగలరు. ఒకటి నుంచి అయిదు దాకా స్కేలు పెడితే అందరికీ మూడున్నర వస్తుంది.

చదువు, హోదా నిజాయితీకి హామీ కావని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోనే ఒక విద్యాసంస్థకు సంబంధించిన లంచం కేసులో కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ తనిఖీ బృందంలోని వాళ్లను సీబీఐ అరెస్టు చేసింది. కేసు తేల్చాల్సింది కోర్టు. కానీ ఆ బృందంలో ఎవరికీ డిగ్రీల కొరత లేదు. అందుకే ఎవాల్యుయేటర్‌కు ప్రమాణాలు రాసేటప్పుడు మీకూ కొన్ని రాసుకోవాలి, ఇది చాలా సంస్థలకు రుచించదు. ఫలితం బాగోలేదని చివరి వాయిదా ఆపకూడదు. డ్రాఫ్టులో వాస్తవ దోషాలు చూపించవచ్చు, తీర్పులు మార్చమనకూడదు. ఫండర్‌కు వెళ్లే కాపీ, మీకొచ్చే కాపీ ఒకటే కావాలి. మీరు గానీ ఫండర్ గానీ గత రెండేళ్లలో వాళ్లకు ఇచ్చిన ఇతర పనులు ముందే బయట పెట్టాలి. ఇవి కాంట్రాక్టులో లేకపోతే ఎంత సమర్థుడైనా నాలుగో డ్రాఫ్టుకి మెత్తబడతాడు. అతనికీ ఇల్లు గడవాలి.

కాంట్రాక్టు అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. పెద్ద ఏజెన్సీలు ప్రపోజల్‌లో ఒకరి సీవీ పెట్టి, పనికి వేరొకరిని పంపడం మామూలే. మీరు పరీక్షించిన మనిషే ఫీల్డ్‌లో కనీసం ఇన్ని రోజులు ఉండాలని, మారిస్తే కొత్త మనిషి కూడా అదే పరీక్ష రాయాలని షరతు పెట్టండి. లేకపోతే పైన చెప్పిందంతా వృథా.

'ఇన్ని పరీక్షలు పెడితే ఎవరొస్తారండీ' అని మీ బోర్డులో ఎవరో ఒకరు అంటారు. వచ్చినవాళ్లందరికీ పెట్టకండి. ముందు సీవీలతో వడపోసి ముగ్గురినో నలుగురినో మిగుల్చుకుని, వాళ్లకు ఒక రోజు పని ఇవ్వండి. పొద్దున క్యాలెండర్, రికార్డింగులు. భోజనం తర్వాత ఆ రెండు పేజీల రిపోర్టు. చివర్లో పావుగంట, మీలో ఒకరు కోపంగా ఉన్న హెచ్ఎం పాత్ర వేసి, అతనికి అభ్యర్థి చెడు ఫలితం ఎలా చెబుతాడో చూడండి. ఆ రోజుకు వాళ్ల మామూలు ఫీజు ఇవ్వండి, ఉచితంగా చేయించుకోకండి. ఉచితంగా రమ్మంటే ఖాళీగా ఉన్నవాళ్లే వస్తారు. ఈ ఖర్చును మొదటి నుంచే మూల్యాంకనం బడ్జెట్‌లో చూపించి ఫండర్‌తో ఒప్పించుకోండి. మొదటి రౌండ్ అయ్యాక, ఆ రోజు పరీక్షలో బాగా చేసినవాళ్లు ఫీల్డ్‌లో కూడా బాగా చేశారా లేదా అని సరిచూసుకుని, ఏ తేడా పట్టించని వాక్యాలను జాబితా నుంచి తీసేయండి. డ్రాఫ్టు రాశాక ఇక్కడ పెడితే చూసి చెబుతాను. ఏజెన్సీ ప్రాంతపు బడులకు సంబంధించిన వాక్యాలు మాత్రం అక్కడి టీచర్లకు చూపించాకే పెట్టండి.